అవ్వ మాటకు కాగితం

పోయిన సంక్రాంతికి తనకల్లు వెళ్ళినప్పుడు అవ్వ ఉన్నట్టుండి ఒక మాట అంది. "నాకేమన్నా అయితే బెంగుళూరికి తోలకపోవద్దండప్పా. మీ తాతకు చేసినట్టు నాకు చేయొద్దండి." తాతను పదకొండు రోజులు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉంచాం. చాలు అనడానికి మా నాయనకు నోరు రాలేదు, డాక్టర్లకూ రాలేదు. చివరికి నోట్లో తులసితీర్థం పోసే వీలు కూడా లేకపోయింది.

ముసలివాళ్ళు ఇలా చెప్పడం మా వైపు కొత్తేమీ కాదు. అయితే ఆ మాటకు చట్టంలో విలువెంత? ఆఫీసు పని పక్కనబెట్టి వారం రోజులు తవ్వాను. ఈ చరిత్రలో మన తెలుగువాళ్ళ పాత్ర నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఇదేమీ వింత కాదు. కట్నర్ అనే లాయరు 1969లోనే 'లివింగ్ విల్' గురించి రాశాడు, కాలిఫోర్నియా 1976లో చట్టం చేసింది. మీరు ఆస్పత్రిలో చేరగానే అడ్వాన్స్ డైరెక్టివ్ ఉందా అని అడుగుతున్నారంటే అది 1990 నాటి ఫెడరల్ చట్టం చలవే.

మన దగ్గర మాత్రం చర్చ ఆత్మహత్య కేసులతో మొదలైంది. మొదటి తలనొప్పి అదే. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెన్న జగదీశ్వర్ కేసులో, జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదంది. 1994లో సుప్రీంకోర్టు ఉందంది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అదే కోర్టు మళ్ళీ లేదంది! కాకపోతే, సహజంగా ముగిసిపోతున్న ప్రాణం గౌరవంగా పోవడం జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పులోనే ఒక మాట ఉంది. తర్వాతి కథంతా ఆ మాట పట్టుకుని నడిచిందే.

ఇక 2004. వెంకటేశ్, పాతికేళ్ళవాడు, చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో హైదరాబాదులో వెంటిలేటర్ మీద ఉన్నాడు. అవయవాలు పాడవకముందే ఎవరికైనా ఇచ్చేయాలి, అందుకోసం మిషన్ తీసేయండని కోరాడు. తల్లి సుజాత హైకోర్టుకెళ్ళారు. బ్రెయిన్ డెత్ కాకుండా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదు, కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. 2022లో వచ్చిన 'సలాం వెంకీ' ఈ కథే. నిజం చెప్పాలంటే అప్పటి చట్టంతో కోర్టు ఇంకేం చేయగలదో నాకూ తోచలేదు. కానీ పూర్తి తెలివిలో ఉన్న మనిషి తన చావు గురించి తాను చెప్తుంటే, అది రాసుకోవడానికి మన సిస్టంలో ఒక కాలమ్ కూడా లేదు.

2005లో కామన్ కాజ్ సంస్థ సుప్రీంకోర్టుకెళ్ళింది. 2006లో లా కమిషన్ 196వ రిపోర్టు ఇచ్చింది. అప్పటి ఛైర్మన్ జస్టిస్ ఎం. జగన్నాధరావు, మన హైకోర్టులో జడ్జిగా చేసినాయనే. తెలివిలో ఉన్న రోగి వైద్యం వద్దంటే డాక్టరు వినాల్సిందే అన్నారు. బాగుంది. అదే మాట ముందుగా కాగితం మీద రాసిపెట్టుకుంటే మాత్రం చెల్లదన్నారు! చదివి కోపమొచ్చింది. తర్వాత మా పక్క ఊర్లో చెనిక్కాయల చేను కోసం నడిచిన దొంగ వీలునామా కేసు గుర్తొచ్చి కాస్త తగ్గింది.

ఆ కాగితం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2018 మార్చి 9 దాకా పట్టింది. అప్పుడూ మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఏ ముసలవ్వ కోర్టు మెట్లెక్కుతుంది చెప్పండి? 2023 జనవరి 24న దాన్ని సవరించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. ఒక కాపీ పంచాయతీకి ఇవ్వచ్చు, డిజిటల్ హెల్త్ రికార్డులోనూ పెట్టుకోవచ్చు. అవసరం పడినప్పుడు ఆస్పత్రిలో రెండు మెడికల్ బోర్డులు చూసి, వీలైతే ఒక్కోటి 48 గంటల్లో, అభిప్రాయం చెప్పాలి. మావాళ్ళకి పెద్ద జబ్బంటే బెంగుళూరే గనక ఇంకో ముక్క కూడా చెప్పాలి: ఈ తీర్పు అమలు చేయమని కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న ఉత్తర్వులిచ్చింది.

ఇదంతా ఆస్పత్రి గేటు దాటాక సంగతి. అర్ధరాత్రి అవ్వకు ఆయాసం వస్తే 108కి ఫోను చేసేది ఇంట్లో ఉన్న మనిషి. ఆ మనిషి మా నాయన.

అందుకే మొన్న ఫోనులో అవ్వకు అంతా చెప్పాను. కదిరి పోయి నోటరీ చేయిద్దాం, నీకు తెలివి లేనప్పుడు నీ తరఫున చెప్పేవాళ్ళ పేరు ఒకటి రాయాలి అన్నాను. ఆలోచించలేదు కూడా. "మీ అత్త పేరు రాయి. మీ నాయన ఏడుస్తాడప్పా, చెప్పలేడు."

నాయనకి ఈ మాట ఇంకా చెప్పలేదు.