కొలబద్ద ఎవరి చేతిలో?

మాచర్ల దాటి నాగార్జునకొండకు వెళ్లే మన పిల్లలు లాంచీ ఎక్కి, మ్యూజియం చూసి, ఫోటో దిగి వస్తారు. ఆ లోయలో ఒకప్పుడు పెద్ద చదువులు సాగాయని వారికి చెప్పాల్సింది మనమే.

క్రీ.శ. 3వ శతాబ్దంలో అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. బోధిసిరి అనే ఉపాసిక అక్కడ చైత్యగృహం కట్టించి సింహళ థేరులకు అంకితమిచ్చింది. కాశ్మీర, గాంధార, చీన, వంగ దేశాల వారికి ధర్మం బోధించిన గురువులని ఆమె శాసనం వారిని పొగిడింది. ఆ వరుసలో 'చిలాత' అనే పేరు కూడా ఉంది. అది కిరాతులని, అంటే కొండల్లో అడవుల్లో బతికే జనమని పండితులు చెబుతారు. ఎంత దూరం వెళ్లారు, ఎవరికి చెప్పారు అన్నదే ఆనాటి గురువులకు కొలబద్ద. అయితే ఆ శాసనంలో చిలాతులు వినేవారే గాని చెప్పేవారు కాదు.

ఈనాటి కొలబద్దలు వేరు. బోధన, పరీక్షలు, పరిశోధనల ప్రమాణాలు కాపాడే పనిని 1956 చట్టం యూజీసీకి అప్పగించింది. 1994లో బెంగళూరు కేంద్రంగా నాక్ వచ్చింది. పాఠ్యప్రణాళిక, బోధన, గ్రంథాలయం, విద్యార్థులకు అందే తోడ్పాటు, పాలన వంటివి చూసి అది కాలేజీలకు గ్రేడు ఇస్తూ వచ్చింది. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉన్న మన ప్రాంతానికి 1976లో నాగార్జున పేరుతోనే విశ్వవిద్యాలయం దక్కింది.

"మీవాళ్లు చేరితే ప్రమాణం పడిపోతుంది" అనే మాట మేమంతా విన్నాం. రిజర్వేషన్ సీటు దగ్గరే ఆగుతుంది. డిగ్రీలో ప్రశ్నపత్రం, పాసు మార్కు అందరికీ ఒకటే. ప్రమాణం పడేది అధ్యాపకుడు లేని తరగతిలో, తాళం తీయని ప్రయోగశాలలో. మాలో కొందరం అలాంటి చోట చదివి, పట్టా చేతికొచ్చాక ఇంటర్వ్యూలో నోరు మెదపలేక తిరిగొచ్చాం. ఆ నష్టం ఏ గ్రేడులోనూ కనిపించదు.

అందుకే బొల్లాపల్లి, వెల్దుర్తి తండాల నుంచి, నల్లమల అంచు చెంచు గూడేల నుంచి నరసరావుపేట, గురజాల వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అని అడిగి ఊరుకోకండి. పాఠం చెప్పేవారు ఎందరు, ల్యాబ్ ఎన్ని రోజులు తెరుస్తారు, గ్రేడు గడువు ఎప్పటిదాకా అని కూడా అడగండి. నాక్‌కు కాలేజీ ఇచ్చే స్వీయ అధ్యయన నివేదిక దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది. టీచర్లు దాన్ని పిల్లలతో కలిసి చదవాలి.

చిలాతులు విన్నారు. మనం అడగాలి. రేపు మనలోంచి చెప్పేవారు రావాలి.