మధ్యధరా తీరపు అడవులు – తొలి కర్షకులు

మధ్యధరా తీరపు అడవులను హరించినదెవరని యడిగినచో గ్రీకుల, రోమనుల ఓడలును కొలుములును మనకు వెంటనే స్ఫురించును. ప్లేటో క్రీ.పూ. 4వ శతాబ్దముననే తన ‘క్రిటియాస్’ సంవాదమున అట్టికా కొండలపై మన్ను కొట్టుకొనిపోయిన వైనమును వర్ణించెను. కాని యీ లెక్కకు ప్రారంభపు నిలువ ప్లేటోకు ఆఱువేల యేండ్లకు పైబడినది.

క్రీ.పూ. 7000 ప్రాంతమున క్రీటు ద్వీపమందలి క్నాసస్‌కు పడవలపై వచ్చిన జనులు గోధుమవిత్తనములను, గొఱ్ఱెలను, మేకలను వెంట తెచ్చిరి. పిమ్మట సేద్యము తీరము వెంబడి ఇటలీకిని, క్రీ.పూ. 5500 ప్రాంతమున స్పెయిన్‌కును ప్రాకెను. వారికి లిపి లేదు. అయినను సరస్సుల అడుగుబురద సాక్ష్యము చెప్పుచున్నది. చెట్ల పుప్పొడి యేటేట నీటబడి పొరలుగా నిలుచును. ఆ రేణువులను లెక్కించి యేకాలమున నే చెట్టు హెచ్చుగ నుండెనో గ్రహింపవచ్చును. స్వీడను దేశీయుడగు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో ఈ పద్ధతిని లోకమునకు చూపెను. గ్రామలెక్కలు వ్రాసిన నాబోటివానికి ఇంతకన్న నమ్మదగిన చిఠ్ఠా కనబడదు. దీనిలో కొట్టివేతలు లేవు!

స్పెయిన్ ఈశాన్యమున బాన్యోలెస్ సరస్సు ఒడ్డున లా డ్రాగా అను ప్రాచీనపు పల్లె 1990లో బయల్పడెను. అది సుమారు క్రీ.పూ. 5300 నాటిది. నీట మునిగియుండుటచే కొయ్య కుళ్లలేదు. కొయ్యపిడుల కొడవళ్లు, త్రవ్వుకోలలు, వందలకొలది గుంజలు దొరకినవి. గుంజలలో హెచ్చుపాలు ఓకు మ్రాకులవే. రాతి బాడిసెలతో వానిని కూల్చిరి. ఆ కాలపు పొరలలోనే ఓకు పుప్పొడి తగ్గినది. ఆనాటి పొలములు చిన్న మడులే యగుటచే, సేద్యముకన్న ఇండ్ల నిర్మాణమునకే హెచ్చు చెట్లు బలియైనవని పరిశోధకులు తలంచుచున్నారు. ఇది నాకు మిక్కిలి వింతగొలిపినది.

నఱికిన మోడు మరల చిగుర్చును. ఆ చిగురును మేక మేయును. ఇటలీ తీరపు అరేనె కాండిడే గుహలో పశువులకు చెట్ల రొట్ట కోసి మేపిన జాడలు కలవు. ఆకురాల్చు ఓకుకన్న, ఏడాది పొడవున పచ్చగనుండు బిరుసాకుల ఓకు కోతకును, మేతకును, నిప్పునకును ఓర్చును. కావున పలుచోట్ల నీడగల అడవి తొలగి, మాకీ యనబడు పొదలు వ్యాపించెను.

ఐతే నేరమంతయు మేకపై మోపుట నాకు సమ్మతము గాదు. అవే సహస్రాబ్దములలో వేసవులు క్రమముగ పొడిబాఱినవి. ఎండకోర్చు చెట్లకు అదియు ననుకూలించెను. రెండు వ్యయములు ఒకే పద్దున కలిసినపుడు విడదీయుట యెంత కష్టమో అడంగలు వ్రాసినవారెఱుగుదురు. బాన్యోలెస్ వద్దను శీతోష్ణపు మార్పు కొంత కలిసినదందురు. కాని అన్ని గుంజలు కన్నులయెదుట నిలిచియుండగా, అచ్చట బాడిసె పాలు లేదనుటకు వీలులేదు.