అరకు లోయ: భూమి హక్కు, గిరిజన సంస్కృతి, పర్యాటకం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
తూర్పు కనుమలలోని అరకు లోయ నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రసిద్ధ పర్యాటక కేంద్రం. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ మొదలైన తెగలకు అది తరతరాల నివాసభూమి. ఒకే నేల ఒకరికి జీవనాధారంగాను, మరొకరికి విహారస్థలంగాను మారిన క్రమాన్ని భూచట్టాల చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రైలుమార్గం – భూచట్టాలు:
1960వ దశకంలో ఇనుప ఖనిజం రవాణా కోసం నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం లోయను మైదానంతో కలిపింది. ఖనిజం కోసం వేసిన దారే క్రమంగా యాత్రికుల దారి అయింది. రాకపోకలు పెరిగినచోట భూమిపై ఒత్తిడి పెరగడం సహజం. ఏజెన్సీలో భూబదిలీని 1917 నాటి చట్టమే నియంత్రించినప్పటికీ, 1959 నాటి నిబంధనలను సవరించిన 1/70 చట్టం గిరిజనేతరులకు భూమి బదలాయింపును పూర్తిగా నిషేధించింది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వరాదని తీర్పునిచ్చింది. ఆ వివాదానికి మూలం, యాత్రికులను విశేషంగా ఆకర్షించే బొర్రా పరిసర గ్రామాలలోని గనుల లీజులే కావడం గమనార్హం.

పంట – పండుగ:
పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా ప్రోత్సహించిన కాఫీ, నీడచెట్లకు అల్లుకొనే మిరియాలతోపాటు గిరిజన రైతులకు నగదు పంట అయింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. సందర్శకుడు రాకపోయినా ఈ ఆదాయం నిలుస్తుంది. థింసా నృత్యం స్థితి భిన్నమైనది. చైత్రమాసపు ఇటుకల పండుగలోను, పెళ్ళిళ్ళలోను ఊరంతా కలిసి ఆడే ఈ నృత్యం ఇప్పుడు విడిది గృహాల వేదికలపై కొద్ది నిమిషాల ప్రదర్శనగా కూడా కనిపిస్తుంది. ఆట అదే అయినా, దానిని ఎప్పుడు ఆడాలో నిర్ణయించేది పండుగ కాదు, అతిథి సమయం.

ముగింపు:
భూచట్టం యాజమాన్యాన్ని కాపాడింది గాని పెట్టుబడిని సమకూర్చలేదు. ఈ ఖాళీలోనే బినామీ ఒప్పందాలకు చోటు ఏర్పడుతుంది. అప్పుడు భూమి గిరిజనుని పేరున ఉన్నా లాభం అతనికి దక్కదు. కాబట్టి 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాన్ని పర్యాటక నిర్ణయాలకూ వర్తింపజేయడం, గిరిజనులకు స్వయంగా వసతి గృహాలు నడుపుకొనేందుకు రుణసౌకర్యం కల్పించడం అవసరం. సంస్కృతి పరిరక్షణ వేదికపై కంటే ముందుగా భూమిపై జరగాలన్నది అరకు చరిత్ర నిరూపిస్తున్న సత్యం.