మదనపల్లెలోని ఆ పూజగది

మదనపల్లెకు వెళ్ళినప్పుడల్లా ఒక ఇంటి ముందు కాసేపు నిలబడడం నాకు అలవాటు. జిడ్డు కృష్ణమూర్తి గారు జన్మించిన గృహమది. కోట కాదు, జమీందారు మేడా కాదు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసిన ఒక గృహస్థు నివసించిన ఇల్లు. అయినా ఆ గడప దాటి వెళ్ళిన కథ సప్తసముద్రాలూ చుట్టి వచ్చింది.

తండ్రి నారాయణయ్య గారు, తల్లి సంజీవమ్మ గారు. అష్టమ గర్భం గనుక శిశువుకు కృష్ణుని పేరు పెట్టారు. పాశ్చాత్యుల లెక్కలో ఆయన పుట్టినది 1895 మే 12, అర్ధరాత్రి దాటిన అరగంటకు. మన లెక్కలో తెల్లవారేదాకా ముందటి దినమే గనుక మే 11 అంటారు. రెండు తేదీలు కనబడితే కంగారు పడనక్కరలేదు.

అంతకంటె విశేషం మరొకటి ఉంది. సంజీవమ్మ గారు పట్టుబట్టి పూజగదిలో ప్రసవించారు. పురిటి మైల పట్టే ఇళ్ళలో ఇది ఎంతటి సాహసమో మా తరం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ తల్లి 1905లో కడపలో కన్నుమూసింది. 1909 జనవరిలో నారాయణయ్య గారు బిడ్డలతో అడయారు చేరారు. అక్కడ దివ్యజ్ఞాన సమాజం వారు బాలుని రాబోయే జగద్గురువుగా భావించారు. 1910లో అనిబిసెంటుకు సంరక్షణ హక్కు వ్రాసి ఇచ్చిన తండ్రే, 1912లో బిడ్డలను తిరిగి ఇప్పించమని మద్రాసులో దావా వేశారు. అక్కడ గెలిచారు, 1914లో ప్రీవీ కౌన్సిలులో ఓడిపోయారు. మరుసటి ఏడే, 1915లో, అదే బిసెంటు చేతులమీదుగా మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలసింది. ఊరికి విద్య వచ్చింది. ఆ తండ్రికి మాత్రం బిడ్డలు దక్కలేదు.

1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమెన్‌లో, తనను గురువుగా నిలిపిన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్' సంస్థను కృష్ణమూర్తి గారే రద్దు చేశారు. సత్యానికి మతమూ మఠమూ దారి చూపలేవన్నారు. పూజగదిలో పుట్టినవాడు పూజలందుకోవడానికి నిరాకరించాడు!

అటువంటి వాని పుట్టినిల్లు భద్రపరచడం ఆయన మాటకే విరుద్ధం కాదా అని చాలాకాలం సందేహించాను. ఆ ఇల్లు ఇప్పుడు కృష్ణమూర్తి ఫౌండేషన్ వారి అధ్యయన కేంద్రం. అక్కడ హారతి పట్టరు, పుస్తకాలు చదువుకుంటారు. ఇంటిని దేవళం చేయడం వేరు, ఇంటిని ఇల్లుగా నిలపడం వేరు అని అప్పుడు బోధపడింది.

ఈ సందేహం నన్ను ఇంతగా బాధించడానికి స్వవిషయం ఒకటి కారణం. కలకడలో మా తాతగారి మట్టిమిద్దె ఉండేది. పడసాలలో నాలుగు టేకు స్తంభాలు, వాటి నడుమ తాతగారి వ్యాసపీఠం. అమరకోశంలోని తొలి శ్లోకాలు నేను వల్లె వేసినది అక్కడే. భాగపంపకాలలో దానిని అమ్మినప్పుడు కాగితం మీద సంతకం చేసినవారిలో నేనూ ఉన్నాను. "పాత మిద్దెతో మనకేం పనిరా" అని అన్నయ్య అంటే, ఊరకున్నాను. దూలాలు, దంతెలు ఒక లారీలో వెళ్ళిపోయాయి. తరగతి గదిలో ముప్పై ఏళ్ళు గతవైభవం గురించి పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ రోజు ఒక్క మాట అనలేకపోయాను.

మా ఇంట మహాపురుషులెవరూ పుట్టలేదు. ఆ మాటతో మనస్సును సమాధానపరచుకొందామని చూశాను, కుదరలేదు. 1895లో మదనపల్లెలోని ఆ ఇల్లు కూడా అందరి ఇళ్ళవంటిదే కదా!

మీ ఊళ్ళలో ఇంకా నిలిచి ఉన్న మిద్దెలుంటే, గోడ కూలకమునుపే పెద్దలనడిగి ఏ గదిలో ఎవరు పుట్టారో వ్రాసి ఉంచండి. నాకు మిగిలినది ఈ నాలుగు వాక్యాలే.