గాయపడి తప్పిన మృగము: తూర్పు కనుమల వేటలో గుండు నిర్ణయము

ఆదిపర్వమున పరీక్షిన్మహారాజు కథ ఒక కడముట్టని వేటతో ప్రారంభమగుచున్నది. బాణము నాటిన మృగము పడక పరుగెత్తినది. దానిని వెదకి వెదకి అలసిన రాజు శమీకముని ఆశ్రమమునకు వచ్చి, మౌనమున నున్న ఆయన మెడలో చచ్చిన పామును వైచెను. తరువాతి శాపమును, తక్షకుని కాటును పాఠకులెరుగుదురు. మన కావ్యములలో వేట వర్ణనలకు కొదవ లేదు. ధూర్జటి తిన్నని వేటనుగూర్చి పాడినది ఈ నెల్లూరు పొరుగుననున్న కాళహస్తి కథయే. కాని గాయపడి తప్పిన మృగమువలని అనర్థమును ఇంత సూటిగా చెప్పిన కథ మరియొకటి మాకు తోచదు. తుపాకి వచ్చిన పిదప ఈ సమస్యయే వేరొక రూపమున నిలిచినది: కొండలలో పెద్ద మృగమును కొట్టుటకు ఏ గుండు తగును? దీనిని వేటకాండ్ర వేడుకగా గాక, కొండక్రింది గ్రామముల చరిత్రలో భాగముగా పరిశీలింప దలచితిమి.

నెల్లూరు మండలమునకు తూర్పున సముద్రతీరపు సమభూమి. పడమట కడప సరిహద్దున వెలికొండలు. ఉదయగిరి దుర్గమున్న కొండ సుమారు 3,000 అడుగుల యెత్తు కలది. మైదానమున గాయపడిన ఇఱ్ఱి పరుగెత్తినను చాల దూరము కంటికి కనబడును. వెలికొండ ముండ్లపొదలలో పదియడుగులు దాటిన కణితి కనబడదు. రాతినేలపై గిట్టల జాడ నిలువదు. నెత్తుటి బొట్టే దారి. పైగా ఏటవాలున కాల్చిన గుండు ఎంత దిగునన్నది వాలుదూరమును బట్టి గాక అడ్డముగా కొలిచిన దూరమును బట్టి యుండును. కావున సమభూమి అలవాటుతో గురిపెట్టినవాని గుండు, మృగము ఎగువనున్నను దిగువనున్నను, దాని మీదుగా పోవును. లేదా వెన్నును గీరి విడుచును. అందుచే తీరమున చాలిన గుండు కొండపై చాలదు.

తొలినాటి గుండు నిజముగా గుండ్రని సీసపు ఉండయే. 'మందుగుండు' అను మన సమాసము ఆ కాలమును జ్ఞప్తికి తెచ్చును. నేడది బాణసంచాకు పేరైనది. ఒక పౌను సీసమునకు పండ్రెండు ఉండలు వచ్చు గొట్టము 12 బోరు. పౌనునకు 7,000 గ్రెయినులు గనుక ఆ ఉండ బరువు సుమారు 583 గ్రెయినులు. బరువు మెండు, వేగము తక్కువ. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు వచ్చి, తేలికయైన బోలుముక్కు గుండును అధికవేగముతో పంపినవి. జింకకు అది దివ్యముగా పనిచేసెను. పులి భుజాస్థికి తగిలినపుడు లోతునకు పోకమునుపే ముక్కలయ్యెడిది. సింహళపు కొండలలో వేటాడిన శామ్యూల్ బేకరు 1890 నాటి గ్రంథమున ఈ బోలు గుండును తీవ్రముగా నిరసించి, పులికి మెత్తని శుద్ధసీసపు నిండుగుండునే విధించెను. గుండు విచ్చుకొని ఆవలి చర్మముక్రింద నిలువవలెనని ఆయన మతము. శరీరమున మృదువైన వేటకు ఈ మాట సరియే. కాని రాతికొండపై ఆవలికి వెడలిన గుండు చేసిన రెండవ రంధ్రము నెత్తుటి జాడ నిచ్చును; కనుక బేకరు మతము మన కొండలకు పూర్తిగా ఒప్పదని మా యభిప్రాయము.

పిదప లోహపు తొడుగు గల గుండ్లు వచ్చినవి. 1895లో చిత్రాల్ దండయాత్రలో 215 గ్రెయినుల .303 గుండు మనుష్యుని చీల్చుకొని పోవుచున్నను పడగొట్టుట లేదని సైనికులు మొరపెట్టగా, కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ కర్మాగారమున ముక్కున తొడుగు లేని గుండు తయారైనది. 1899లో హేగు సభ యుద్ధమున దానిని నిషేధించినది. యుద్ధమున క్రూరమనబడినదే వేటలో దయయైనది! శీఘ్రముగా చంపని గుండే అక్కడ క్రూరము.

1910లో బొలారమున జన్మించిన కెన్నెత్ అండర్సను చిరకాలము వాడినది 1904లో వెలువడిన .405 వించెస్టరు, గుండు 300 గ్రెయినులు. అప్పటి చిత్తూరు జిల్లాలో భాకరాపేట దాపున చామల లోయలో నరులను తిన్న పులినిగూర్చి 1954లో ప్రకటించిన గ్రంథమున ఆయన వ్రాసెను. ఆ యడవిలో 'పులిబోను' అను చోటు కలదు. పేరే ఒక చరిత్ర. నరమాంసమునకు మరగిన మృగములలో పెక్కు మనుష్యుడు చేసిన గాయమువలన అట్లైనవని అండర్సను పలుమారులు చెప్పెను. కార్బెట్టు లెక్క మరింత ఖండితము: పదింట తొమ్మిది గాయమువలన, ఒకటి ముసలితనమువలన. 1907లో ఆయన చంపిన చంపావతి ఆడుపులి కుడివైపు పై కోర సగమునకు, క్రింది కోర ఎముకవరకు విరిగియుండెను. అది పాత తుపాకి దెబ్బ. ఆ పులికి బలియైనవారు 436 మంది.

1878 నాటి ఆయుధచట్టము పిదప గ్రామస్థునకు దక్కినది, దక్కినచో, నాటుతుపాకి. దానిలో సీసము లేనపుడు ఇనుపముక్కలు, మేకులు దట్టించిరి. ఇది ఎంపిక కాదు, పేదరికము. దొరకు మాత్రము ఎంపిక కలదు. తప్పిన పక్షమున మరునాడు రైలెక్కి పోవచ్చును. గాయపడిన చిరుత కట్టెలు కొట్టువానికి, పసులకాపరికి మిగులును. జాడతీయుటకు ముందు నడచినవాని చేత తరచుగా కత్తియో కఱ్ఱయో తప్ప మరేమియు లేదు.

1972 చట్టముతో పులివేట నిషిద్ధమైనది. వెలికొండలలో కొంతభాగము పెనుశిల నరసింహ అభయారణ్యమైనది. వేటగ్రంథములు తుపాకుల పేర్లను, గుండ్ల బరువులను శ్రద్ధతో నమోదు చేసినవి. జాడకాండ్ర పేర్లు వెదకవలసియున్నది. అండర్సను ఆ 1954 గ్రంథమున ఒక అధ్యాయమును తన జాడకాడైన బైర పూజారి పేరనే వ్రాసెను.