పెట్టె పాట

మీ ఇంట్లో బీరువా మీదనో, మంచం కిందనో ఓ కీబోర్డు పడి ఉందేమో ఒకసారి చూడండి. పిల్లవాడి పుట్టినరోజుకు ఎవరో కొనిచ్చి ఉంటారు. వాడు నాలుగు రోజులు టింగుటింగుమనిపించి, తర్వాత చదువు పేరు చెప్పి హాస్టలుకు వెళ్ళిపోయి ఉంటాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని దుమ్ము దులిపి, ఒక మెట్టు నొక్కి చూసి, "ఈ వయసులో నాకెందుకులే" అని మళ్ళీ గుడ్డ కప్పేసినవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. నేనూ ఆ పనే చేశాను లెండి.

ఆ సిగ్గుకు వయసొక్కటే కారణం కాదు. "అదేం సంగీతం? పెట్టె పాట!" అన్న ఎత్తిపొడుపు మనలో చాలామంది చిన్నప్పుడే విన్నాం. మా అత్తయ్య హార్మోనియం వాయించుకుంటుంటే, ఇంటికి వచ్చిన సంగీతం మేష్టారొకాయన నవ్వుతూ అన్నారామాట. ఆవిడ ఆ రోజు మూసిన పెట్టె మళ్ళీ తెరవగా నేను చూడలేదు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, అందులో నిజమెంత, అన్నదే ఈవేళ మీతో చెప్పదలుచుకున్నాను.

హార్మోనియం మన దేశంలో పుట్టింది కాదు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ అనే ఆయన ఆ పేరుతో పేటెంటు తీసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ, రెండు చేతులతో వాయించే వాద్యం అది. మిషనరీల వెంట, దొరల సామాను వెంట మన రేవుల్లో దిగింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అని ఒకాయన ఉండేవారు. 1875లో మొదలైన ద్వార్కిన్ కంపెనీ ఆయనదే. ఆయన దాని కాళ్ళు తీసేసి, తిత్తిని వెనక్కి మార్చి, ఒక చేత్తో గాలి కొట్టుకుంటూ రెండో చేత్తో వాయించుకునేలా చేశారు. వినడానికిది చిన్న మార్పే. కానీ కుర్చీలూ బల్లలూ లేకుండా చాప పరుచుకుని కూర్చునే మన ఇళ్ళలోకి ఆ వాద్యం రాగలిగింది ఈ మార్పు వల్లనే.

తెలుగునాట దానికి పీట వేసింది నాటకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభివారి నాటకాలూ, తర్వాత ఊరూరా ఆడిన పద్యనాటకాలూ పెరిగినకొద్దీ హార్మోనియం లేనిదే తెర లేవని పరిస్థితి వచ్చింది. మైకుల్లేని రోజులాయె. పందిరి చివర కూర్చున్నవాళ్ళకు కూడా రాగం వినపడాలి. వీణకు ఆ గొంతెక్కడిది? మగవాళ్ళే ఆడవేషాలు కట్టే కాలంలో సురభివారి స్త్రీలు రంగస్థలం ఎక్కి, ఆ శ్రుతి మీదే పద్యం ఎత్తుకున్నారు.

ఇళ్ళలో సంగతి మరోలా ఉండేది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి పాడుతుందా?" అని అడిగేవారు కదా! వీణ నేర్పాలంటే గురువు కావాలి, ఏళ్ళు కావాలి, డబ్బు కావాలి. హార్మోనియానికి తీగలు బిగించుకోనక్కర్లేదు, శ్రుతి చేసుకోనక్కర్లేదు. వేలు పెడితే పలుకుతుంది. పైగా, పెళ్ళయ్యాక గురువుగారు అత్తారింటికి రారు, పెట్టె వస్తుంది. చాలామంది ఆడవాళ్ళకు దొరికిన సంగీతం, దొరికినంతవరకూ, అదే.

ఇంత ఉపకారం చేసిన వాద్యాన్ని రేడియో వెలివేసింది. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ 1938లోనే హార్మోనియం మీద ధ్వజమెత్తుతూ రాశాడు. ఆయన ఇంగ్లీషువాడు! 1940 జనవరిలో రవీంద్రనాథ్ టాగోర్ కలకత్తా కేంద్రానికి ఉత్తరం రాసి తన అయిష్టం తెలియజేశారు. ఆ ఏడాది మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం నిషేధం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ హార్మోనియానికి రాలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యేనాటికి ఆ నిషేధం అమల్లోనే ఉంది. 1970లో పెద్ద చర్చాసభ జరిపి, 1971లో సడలించారు, అదీ మొదట పైశ్రేణి విద్వాంసులకే. ముప్పై ఏళ్ళపాటు రేడియోలో వినపడని వాద్యం మన ఇంటి మూల కూర్చుంటే దానికి గౌరవం ఎలా వస్తుంది చెప్పండి? మా ఇంటికొచ్చిన మేష్టారు ఆ మాట తన సొంతంగా అనలేదనీ, అందరూ అంటున్నదే ఆయనా అన్నారనీ ఇప్పుడు అనిపిస్తుంది.

అలాగని ఆక్షేపణంతా అన్యాయం అనను. పెట్టెలో ఒక్కో మెట్టుకు ఒక్కో ఇత్తడి రీడు. దాని పొడుగు మారదు, కనుక స్వరమూ మారదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ లేదు. మన రాగాలేమో ఆ మధ్యనే బతుకుతాయి. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలిచేది కాదు, అటు రిషభానికీ ఇటు మధ్యమానికీ మధ్య ఊగుతుంది. దాన్ని ఒక మెట్టు మీద నొక్కిపట్టామా, తోడి పోతుంది. ఇంకొకటి: స్థాయిని 1200 సెంట్లు అనుకుంటే, కీబోర్డులో పన్నెండు మెట్లూ వందేసి చొప్పున సమానంగా పంచేసినవి. తంబురా మీటితే షడ్జమం తీగలోంచి దానంతటదే వినిపించే గాంధారం 386 దగ్గర ఉంటుంది. కీబోర్డు గాంధారం 400. చెవి తేరినవాళ్ళకు ఆ పద్నాలుగు సెంట్లే ముల్లులా గుచ్చుకుంటాయి. దీన్ని సరిచేద్దామని క్లెమెంట్స్ అనే ఐ.సి.యస్. అధికారి, సాంగ్లీకి చెందిన దేవల్ గారూ కలిసి 22 శ్రుతుల హార్మోనియం చేయించారు. 1916లో బరోడా సంగీత మహాసభలో దాన్ని ప్రదర్శించారు కూడా. అది నిలవలేదు. మెట్లు ఎన్ని పెంచినా మెట్టు మెట్టే కదా!

ఒక తమాషా చూడండి. పెట్టెను ఈసడించే గాయకులను "మీ శ్రుతి ఎంత?" అని అడగండి. "ఒకటిన్నర" అంటారు, గాయనీమణులైతే "అయిదు" అనో "అయిదున్నర" అనో అంటారు. ఆ లెక్క హార్మోనియం మెట్లదే! తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు, పక్కనున్న నల్లమెట్టు అర. పెట్టెను గుమ్మం బయట నిలబెట్టారు గానీ దాని కొలబద్దను మాత్రం లోపలికి తెచ్చుకున్నారు.

1980లో జపానులోని కాసియో కంపెనీ, అప్పటిదాకా లెక్కలు కట్టే యంత్రాలకు పేరుపడ్డది, కాసియోటోన్ 201 అనే కీబోర్డు విడుదల చేసింది. తర్వాత చిన్నవీ చవకవీ వచ్చి మన ఊళ్ళకూ చేరాయి. తిత్తి పోయింది, రీడ్లు పోయాయి. పన్నెండు మెట్ల వరస మాత్రం అలాగే ఉంది. దాంతోపాటు పాత నిందా వచ్చింది.

ఇక మీ చేతిలో ఉన్న కీబోర్డు సంగతి. నల్లమెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. రెండు నల్లమెట్ల గుంపుకు ఆనుకుని ఎడమపక్కనున్న తెల్లమెట్టు ఒకటో శ్రుతి. దాన్ని షడ్జమం అనుకోండి. పురందరదాసు ఏర్పరిచారని చెప్పే సరళీ వరసలు మాయామాళవగౌళలోనే కదా మొదలుపెడతాం. స, దాని పక్క నల్లమెట్టు రి, మధ్యలో రెండు మెట్లు వదిలి గ, దాని పక్కనే మ. తెల్లమెట్టు ప, పక్క నల్లమెట్టు ద, మళ్ళీ రెండు వదిలి ని, పక్కనే పై షడ్జమం. మొదటి సగం ఎలా ఉందో రెండో సగమూ అచ్చం అలాగే ఉంది! గొంతుతో ఏళ్ళ తరబడి పాడినా నాకు తట్టని ఆ పోలిక, మెట్ల మీద చూసేసరికి కంటికి కనబడింది.

ఒక్క వేలితో పొడుచుకుంటూ పోకండి, ఆ అలవాటు తర్వాత వదలదు. స రి గ లకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మ దగ్గర బొటనవేలిని మిగతా వేళ్ళ కిందనుంచి జరపండి. ప ద ని స లకు మిగిలిన నాలుగు వేళ్ళూ వరసగా సరిపోతాయి. దిగేటప్పుడు మ తర్వాత నడిమివేలు బొటనవేలి మీదుగా వచ్చి గ అందుకుంటుంది. మొదట్లో మణికట్టు బిగుసుకుంటుంది. అప్పడాలు వత్తే చేతులు మనవి, ఈ మాత్రం వంగకపోవు.

గమకం లేని పాటలతో మొదలుపెట్టడం మేలు. ముత్తుస్వామి దీక్షితులంతటివారే మద్రాసు దగ్గర మణలిలో ఉన్నరోజుల్లో కోటలో వాయించే ఇంగ్లీషు బాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వరాలంటారు వాటిని. దాదాపు నలభై ఉన్నాయి, అన్నీ శంకరాభరణం స్వరాలే. ఒకటో శ్రుతిలో అయితే ఒక్క నల్లమెట్టయినా తాకనక్కర్లేదు. పెట్టెకు సరిపోయే పాటలను తప్పు పట్టేవారికి ఆ పేరు చెప్పండి.

వర్ణాల దాకా వచ్చేసరికి మాత్రం కీబోర్డు చేతులెత్తేస్తుంది. కొన్ని పెద్ద కీబోర్డులకు పక్కన స్వరాన్ని వంచే చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పుతూ గమకాలు పలికించే విద్వాంసులున్నారు, కానీ మొదలుపెట్టినవాళ్ళకు అందేది కాదు. నేను చేస్తున్నది చెప్తాను. స మెట్టు నొక్కి గొంతు కలుపుతాను. చెయ్యి తీసేసి ప దాకా పాడుతూ వెళ్ళి, అప్పుడు ప నొక్కి చూస్తాను. నెలరోజులు నా పంచమం కిందికే జారింది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు కలుస్తోంది.

మొన్న సామాను సర్దుతుంటే మా అత్తయ్య పాటల పుస్తకం దొరికింది. వెనక అట్టమీద మెట్లన్నీ బొమ్మ గీసుకుంది. అయిదో తెల్లమెట్టుకూ ఆరో తెల్లమెట్టుకూ మధ్య ఉన్న నల్లమెట్టు మీద తెల్లగా "స" అని చెక్కి ఉంది. ఆవిడ అయిదున్నర శ్రుతిలో పాడేదని నాకప్పుడు తెలిసింది.