పంతులు ఆరేళ్ల కొలువు

ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో మీట నొక్కే పని లేదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతో పేరు ఎదురుగా 1, 2 అని అంకెలు వేయాలి. సొంత పెన్నుతో వేస్తే ఓటు చెల్లదు. మా సింగరేణి సెంటినరీ కాలనీలోనూ ఈ ఓటు హైస్కూలు, కాలేజీ సార్లకే. ప్రాథమిక పాఠశాల సార్లకు లేదు.

రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లను ఉపాధ్యాయుల ఓటుకు వదిలింది. ఆంధ్రప్రదేశ్‌కు 1958లో వచ్చిన మండలి 1985లో రద్దయి, 2007లో మళ్లీ వచ్చింది. నడుమ కొలువులో చేరిన పంతుళ్లకు ఈ ఓటు సంగతే తెలియదు.

ఆ 2007లోనే వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానం చుక్కా రామయ్యను గెలిపించింది. అప్పటికి ఆయన ఎనభై ఏళ్ల దరిదాపులో ఉన్నారు. జనగామ దిక్కు గూడూరులో పుట్టి, నిజాం కాలంలో జైలు చూసి, లెక్కల మాస్టారైన మనిషి. రిటైరయ్యాక నల్లకుంటలో నడిపిన శిక్షణ ఆయనను ‘ఐఐటీ రామయ్య’ను చేసింది. అక్కడ సీటు దొరకడానికే ఒక పరీక్ష, ఆ పరీక్షకు మరోచోట కోచింగు! బాసరలో ఐఐటీ పెట్టాలని ఆయన గట్టిగా అడిగారు. ఐఐటీ మెదక్ జిల్లాకు పోయింది, బాసరకు 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువు. బాయి పని తనతోనే ఆగాలనుకునే సింగరేణి తండ్రికి అదెంత ఆసరానో మా క్వార్టర్లలో ఎవరినడిగినా చెబుతారు.

మన మండలిలో ఒక విడత ఆరేళ్లు. 2013లో రామయ్య గడువు తీరింది. తర్వాత పూల రవీందర్, 2019లో అలుగుబెల్లి నర్సిరెడ్డి, 2025లో పింగిలి శ్రీపాల్‌రెడ్డి. ప్రతిసారీ కొత్త మనిషే. పంతుళ్లు లెక్క అడిగే ఓటర్లని నాకు గౌరవం. మా కరీంనగర్ వైపు స్థానంలోనూ 2019లో కూర రఘోత్తంరెడ్డి గెలిస్తే, 2025లో పల్లవి విద్యాసంస్థల అధిపతి మల్క కొమరయ్య గెలిచారు. సర్కారు బడి గోడు ఎత్తాల్సిన సీటు విద్యాసంస్థల అధిపతి చేతికి రావడం చిన్న మార్పు కాదు.

ప్రాథమిక బడి పంతుళ్లకు ఓటు రావాలంటే పార్లమెంటే పూనుకోవాలి. పలక మీద ‘అ’ దిద్దించే టీచరమ్మ చేతికి ఆ వయొలెట్ పెన్ను ఇంకా అందలేదు.